టీచరమ్మ చేతులతో చేసిన పాఠం

*శిక్షణ రోజున టీచరు ఎలా నేర్చుకుంటే, మర్నాడు తరగతిలో పిల్లలూ అలాగే నేర్చుకుంటారు. ఈ సంగతిని మదనపల్లె దగ్గరి పల్లె బడులు ఎప్పుడో చేసి చూపించాయి.*

జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న ఏకోపాధ్యాయ బడులున్నాయి. ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలు, ఒక్కరే టీచరు. అయినా ఎవరి పనిలో వాళ్లుంటారు. గోడకు నిచ్చెన బొమ్మ, మెట్టు మెట్టుకూ ఒక గుర్తు, ఒక అంకె. పాప వచ్చి, నిన్న తాను ఎక్కడ ఆగిందో ఆ మెట్టును వేలితో వెతుక్కుంటుంది. ఆ గుర్తున్న ట్రేలోంచి అదే అంకె ఉన్న కార్డు తీసుకుంటుంది. టీచరు సాయం కావాల్సిన పనైతే టీచరున్న గుంపులో చేరుతుంది. తోటివాళ్లతో చేసేదైతే ఇంకో గుంపులోకి వెళ్తుంది. ఒంటరిగా చేయగలిగిందైతే ఓ పక్కన కూర్చుంటుంది. జ్వరమొచ్చి వారం రోజులు బడికి రాకపోయినా, పాఠాలు పోయాయన్న బెంగ లేదు. ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది.

పిల్లలు సొంతంగా నేర్చుకోవడమంటే ఇదీ. టీచరు పక్కకు తప్పుకోవడం కాదిది. తర్వాత ఏం చేయాలో టీచరును అడగకుండానే పిల్లకు తెలిసేలా ముందే అన్నీ అమర్చిపెట్టడం. దీని వెనక చాలా పని ఉంది. ఆ పనినే 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు అక్కడి 'రివర్' సంస్థ తరఫున తలకెత్తుకున్నారు. పాఠ్యపుస్తకాన్ని విప్పి, చిన్న చిన్న పనులుగా విడగొట్టి, కార్డుల మీదికి ఎక్కించారు.

చూసి వెళ్లి, తామే చేసుకున్నారు

ఈ పద్ధతి పొరుగు రాష్ట్రాలకు పాకిన తీరు మన శిక్షణలు నడిపేవాళ్లంతా తెలుసుకోదగ్గది. మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా ప్రభుత్వ టీచర్లు రిషి వ్యాలీ వచ్చి పిల్లల మధ్య కూర్చుని చూశారు. తిరిగి వెళ్లి కన్నడంలో తమ నిచ్చెన, తమ కార్డులు తామే తయారుచేసుకున్నారు. 1995లో మొదలైన 'నలి కలి' పద్ధతి అలా పుట్టింది. 2003లో చెన్నై కార్పొరేషన్ కమిషనర్‌గా ఉన్న ఎం.పి. విజయకుమార్ కూడా తమ బడుల టీచర్లను రిషి వ్యాలీకే పంపారు. వాళ్లూ తమిళంలో కార్డులు రాసుకున్నారు. ఆ పద్ధతి నాలుగేళ్లలో రాష్ట్రమంతటికీ చేరింది.

ఏ కార్డు తర్వాత ఏది రావాలో తేల్చడానికి కూర్చున్న టీచరు, 'పిల్ల ఇక్కడ ఎందుకు ఆగిపోతుంది' అని ఆలోచించక తప్పదు. తీసివేతలో అప్పు తీసుకోవడం రాని పిల్లకు ముందు స్థానవిలువ దగ్గర తికమక ఉందని అప్పుడే తెలుస్తుంది. నా దృష్టిలో అసలు శిక్షణ అదే. అచ్చయిన కార్డులు పెట్టెలో బడికి చేరి, వాటిని ఎలా వాడాలో ఓ పూట చెప్పి పంపితే ఈ ఆలోచన కలగదు. ఏ పథకమైనా పెద్దదయ్యేకొద్దీ ముందుగా పోయేది ఇదే.

మన కాంప్లెక్స్ మీటింగులు

దగ్గర దగ్గర బడులను ఒక సముదాయంగా, అంటే స్కూల్ కాంప్లెక్స్‌గా కలిపి, టీచర్లు ఒకరికొకరు తోడ్పడాలన్నది 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఆలోచన. దాన్నే 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ ముందుకు తెచ్చింది. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలని కూడా చెప్పింది. గంటలు దొరికాయి. వాటిని దేనితో నింపుతున్నాం?

శిక్షణ ముందు రాష్ట్ర స్థాయిలో కొందరికి, వాళ్ల ద్వారా జిల్లాకు, అక్కడి నుంచి మండలానికి. మెట్టు దిగేకొద్దీ చర్చలు, ఉదాహరణలు రాలిపోయి, చివరికి టీచరుకు మాడ్యూలు, స్లైడ్లు మిగులుతాయి. కృత్యాధార బోధన గురించి రోజంతా ఉపన్యాసం విని, సంతకం పెట్టి, ఫొటో అప్‌లోడయ్యాక ఇంటికెళ్లిన టీచరు మర్నాడు పిల్లలకు ఉపన్యాసమే ఇస్తారు. తప్పు ఆమెది కాదు. ఆమెకు అందిన నమూనా అది. ఇరవై ఏళ్లుగా ఒకటో తరగతి చెబుతున్న మనిషిని ఏమీ తెలియని శ్రోతగా కూర్చోబెట్టడం ఆమె అనుభవాన్ని అవమానించడం కూడా.

మార్చడానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. డెమో క్లాసును తోటి టీచర్ల ముందు కాకుండా నిజమైన పిల్లల ముందు పెట్టవచ్చు. చూసేవాళ్లు టీచరును కాకుండా ఒక్కొక్కరు ఒక్కో పిల్లను గమనించాలి. ఆ పిల్ల ఎక్కడ చేయి ఆపింది, ఎవర్ని అడిగింది, ఎప్పుడు దిక్కులు చూసింది అన్నది రాసుకోవాలి. తర్వాత మాట్లాడుకోవడానికి అదే సరుకు. వెళ్లేటప్పుడు ప్రతి టీచరూ తన తరగతిలో చేసి చూడాల్సిన ఒకే ఒక్క మార్పును ఎంచుకోవాలి. జవాబుల కార్డు పెట్టి పిల్లలే దిద్దుకునేలా చేయడం లాంటి చిన్నదైనా చాలు. వచ్చే నెల సమావేశం 'అది ఏమైంది' అన్న ప్రశ్నతోనే మొదలవ్వాలి. కుదరలేదని చెప్పిన టీచరు మాటను అందరికంటే శ్రద్ధగా వినాలి.

మండల విద్యాధికారులకు (ఎంఈఓలకు), కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులకు ఒక్క విన్నపం. వచ్చే సమావేశంలో భోజనాల తర్వాతి ఉపన్యాసం ఆపేయండి. ప్రతి టీచరునూ తన తరగతిలో వెనకబడిన ముగ్గురు పిల్లల నోటుపుస్తకాలు తెమ్మనండి. ఆ పూటంతా వాటి మీదే మాట్లాడుకోనివ్వండి.