ఎండలో పరుగు: గోలీలా, మజ్జిగా?

పోలీసు ఉద్యోగాలు పడితే చాలు, మా మంచాల వైపు పిల్లలు పరుగు ప్రాక్టీసు మొదలుపెడతారు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. అలసట రాకూడదని విటమిన్ సి, ఇ గోలీలు కొనిపెట్టే తల్లులూ ఉన్నారు. ఒక్క మాట వినండి.

కష్టపడ్డప్పుడు ఒంట్లో కొన్ని చెడు పదార్థాలు పుడతాయి. గోలీలు వాటిని అణుస్తాయి, నిజమే. కానీ ఒళ్లు గట్టిపడాలని కబురు చెప్పేవీ అవే! 2009లో వెలువడిన జర్మనీ పరిశోధనలో, రోజూ వెయ్యి మిల్లీగ్రాముల సి, దాంతోపాటు ఇ మింగిన యువకులకు, వ్యాయామంతో ఇన్సులిన్ పనితీరులో రావాల్సిన మేలు రాలేదు.

మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాముల సి చాలని 2020లో ఐ.సి.ఎం.ఆర్. చెప్పింది. ఒక్క జామకాయతో అది తీరిపోతుంది.

ఇక వడదెబ్బను ఏ గోలీ ఆపదు. ఒంటిని చల్లబరిచేది చెమట. దానికి కావాల్సింది నీళ్లు, ఉప్పు. పొద్దు పొడవకముందే పరుగు ముగించమనండి. రాగానే ఉప్పేసిన పలచటి మజ్జిగ ఇవ్వండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా నీడకు చేర్చి, చన్నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనప్పుడు మాత్రం నోట్లో నీళ్లు పోయొద్దు సుమా!