కాటి సీనులో తగ్గని లైటు

శ్రీరామనవమి పందిట్లో 'సత్య హరిశ్చంద్ర' నాటకం. కాటి సీను వచ్చింది. చంద్రమతి కొడుకు శవాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. స్టేజి మీద చీకటి పడాలి. నేను మూడో నాబ్ పూర్తిగా తిప్పేశాను. లైటు తగ్గితేనా! శ్మశానం పట్టపగల్లా వెలిగిపోతోంది. జనంలో ఎవరో నవ్వారు. "ఆడమనిషి చేతికి లైట్లిస్తే ఇంతే" అన్న మాట నా చెవిన పడనే పడింది.

గబగబా ఆ లైటు ప్లగ్గు పీకి నాలుగో ఛానల్లో పెట్టాను. అక్కడ చక్కగా తగ్గింది. నాటకం గట్టెక్కింది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది ముదినేపల్లి. స్టేజి లైట్లు అద్దెకివ్వడం మావారి పని. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయాక నేనే చూసుకుంటున్నాను. మా ఆరు ఛానళ్ల డిమ్మర్ పాతది. అంతకుముందు రోజుల్లో ఉప్పునీళ్లలో రేకులు ముంచి లైటు పెంచేవారు, తగ్గించేవారు. మా పెట్టెలో ఆ పని 'ట్రయాక్' అనే చిన్న భాగం చేస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా! ఊగిన ప్రతిసారీ కాసేపు ఆపి, తర్వాత వదులుతుందది. ఎంత ఆలస్యంగా వదిలితే లైటు అంత తగ్గుతుంది.

నాలుగు రోజుల్లో కైకలూరులో ప్రోగ్రాం ఉంది. కొత్త డిమ్మర్ కొనే స్తోమత లేదు. "ఏమండీ, మొత్తం విప్పేయనా?" అనడిగాను. "తొందరపడకు. ముందు ఏవి బాగున్నాయో తేల్చు. పాడైంది అదే బయటపడుతుంది" అన్నారు మంచం మీంచి.

లైటూ, దాని వైరూ నాలుగో ఛానల్లో బాగానే పనిచేశాయి. అంటే తప్పు పెట్టెలోనే. మెయిన్ ప్లగ్గు పీకి, కాసేపాగి మూత తీశాను. నాబ్‌ల నుంచి వచ్చే చిన్న కనెక్టర్లు మూడోదీ నాలుగోదీ అటుదిటు మార్చి, మూత వేసి చూశాను. మూడో నాబ్‌తో నాలుగో ఛానల్ చక్కగా తగ్గింది. నాలుగో నాబ్ తిప్పినా మూడో ఛానల్ మాత్రం తగ్గలేదు. నాబ్ మంచిదేనన్నమాట!

మళ్లీ ప్లగ్గు పీకి మీటరు పెట్టాను. మంచి ట్రయాక్ రెండు పెద్ద కాళ్ల మధ్య కరెంటుకు దారి ఉండకూడదు. మూడో దానికి ఉంది. షార్టయిపోయింది. ఇక నాబ్ ఎంత తిప్పితే మాత్రం ఏం లాభం?

"ఫ్యూజు ఎందుకు పోలేదు?" అన్నారు మావారు. ఫ్యూజు తీసి చూస్తే నా గుండె గతుక్కుమంది. దసరా రాత్రి హడావుడిలో ఆ ఫ్యూజు రెండుసార్లు పోతే, లావుపాటి రాగి తీగ చుట్టింది నేనే! ఆ ఛానల్ 5 ఆంపియర్లకు చేసింది. 1000 వాట్ల లైటు ఒక్కటే నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. నేను రెండు తగిలించాను. ఫ్యూజు 'వద్దు' అని రెండుసార్లు చెప్పినా వినిపించుకోలేదు. దాంతో ట్రయాక్ కాలిపోయింది.

విజయవాడ నుంచి అదే నంబరు ట్రయాక్ తెప్పించాం. కింద మైకా రేకు పెట్టి బిగించి, సరైన ఫ్యూజు తీగ వేశాను. ముందు 100 వాట్ల మామూలు బల్బుతో చూశాను. ఎల్ఈడీ బల్బుతో అయితే తేడా సరిగ్గా తెలియదు. కైకలూరులో లైటు మెల్లగా, మెల్లగా తగ్గింది. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. అంతకన్నా మెప్పు ఏం కావాలి?

230 వోల్టుల పెట్టె, పని నేర్చినవాళ్లే విప్పాలి. కానీ ఫ్యూజు చాలామంది ఇళ్లలోనూ ఉంది. అది పోతే విసుక్కుని లావు తీగ చుట్టకండి. పోవడమే దాని పని. ఎందుకు పోయిందో చూడటం మన పని.