తిప్పి పంపే దిక్కులేని చేప

ఆదివారం పొద్దున హైదరాబాద్ ఉప్పల్‌లోనో నాచారంలోనో చేప కొనేవాళ్లు మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా అని చూస్తారు, కండను వేలితో నొక్కుతారు. తాజాదనం తెలియడానికి అది చాలు. మందుకు లొంగని బాక్టీరియా మాత్రం ఈ పరీక్షకు దొరకదు. అది ఉన్నంత మాత్రాన చేప రంగు మారదు, వాసనా రాదు. చేపలకు తెగులు రాకుండా మేతలో యాంటీబయాటిక్ కలిపితే లొంగే సూక్ష్మజీవులు చచ్చి, లొంగనివి మిగులుతాయి. అవి ఆ శక్తినిచ్చే జన్యువులను పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకూ అందించగలవు. అయితే తప్పంతా చేపల రైతు మీద తోసేయడం అన్యాయం. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అదే కేంద్రంలో సేకరించిన బాక్టీరియా రకాల్లో 86 శాతం ఇరవై, అంతకుమించిన యాంటీబయాటిక్‌లను తట్టుకున్నాయని 2013లో మరో అధ్యయనం తేల్చింది. ఆ నీటిని తర్వాత పైపులైనేసి అంబర్‌పేట శుద్ధి కేంద్రం దారి పట్టించారు. అక్కణ్నుంచి మూసీ నదిలోకి, మూసీ వెంట ఉప్పల్ పక్కకి.

పులుసు తెర్లేదాకా మరిగిస్తాం కదా, ఇంకా భయమేమిటని అడగొచ్చు. నిజమే, ఆ వేడికి బాక్టీరియా బతకదు. చిక్కంతా పొయ్యి ఎక్కకముందే ఉంది. బజారులో ఒకే మొద్దు మీద పొద్దుటినుంచీ రవ్వ, బొచ్చె, కొర్రమీను వరసగా తెగుతాయి, కత్తిని ముంచే బకెట్టు నీళ్లు ఎర్రబడ్డా మారవు. ఇంట్లో అదే సింకులో చేప కడిగి, అదే కత్తితో కొత్తిమీర తరుగుతాం. కొత్తిమీర చివర్లో పడుతుంది, అది మరగదు. అలా లోపలికి చేరిన బాక్టీరియా వెంటనే జబ్బు చేయకపోవచ్చు. పేగులో ఊరకే ఉండి, ఎప్పుడో మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చిననాడు డాక్టరు రాసిన మందు పనిచేయకపోవడానికి కారణం కావచ్చు.

ఇదే చెరువు సరుకు పరదేశం వెళ్లేదైతే కథ వేరు. 2016లో యూరోపియన్ యూనియన్ మన చెరువు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది; క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషేధిత యాంటీబయాటిక్‌లు కనబడితే సరుకు వెనక్కే. ఎగుమతి చెరువుల్లో మందు జాగ్రత్తకు ఆ భయం ఒక కారణం. ఉప్పల్ గృహిణికి సరుకు తిప్పి పంపే అధికారం లేదు. ఇక్కడి బజారులోనూ పరీక్షలు పెడితే గంప పెట్టుకున్న చిన్న అమ్మకందారు నలిగిపోతారనే మాటలో న్యాయముంది. అందుకే నమూనా గంపలోంచి కాదు, తెల్లవారుజామున ఐసుతో దిగే లారీలోంచి తీయాలి. రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలోనే ఉంది, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ హబ్సిగూడలో ఉంది. దూరం సాకు చెల్లదు. మందు అవశేషం వెతికే పరీక్షకు బాక్టీరియా దొరకదు కనుక అవశేష పరీక్ష, బాక్టీరియా పరీక్ష రెండూ చేయాలి. ఫలితాలు అమ్మేవారి పేరుతో కాక, చేప ఏ ప్రాంతపు చెరువుదో ఆ పేరుతో నెలనెలా బయటపెడితే, సమాధానం చెప్పాల్సింది గంప దగ్గర కూర్చున్నామె కాదు, చెరువు దగ్గర మందు డబ్బా అమ్మినవాడు.