ప్రవాహాన్ని లెక్కగట్టిన శాస్త్రవేత్త రొద్దం నరసింహ

గాలి ఆడని గదిలో ఒక అగరువత్తి వెలిగించి చూడండి. పొగ కొంత ఎత్తు వరకు సన్నని దారంలా నిటారుగా లేస్తుంది. ఆ పైన మెల్లగా వంకర తిరిగి, మరుక్షణంలో సుడులు సుడులుగా విడిపోతుంది. పొగ అదే, గాలి అదే. మరి మధ్యలో ఏం జరిగింది? దీనికి పూర్తి సమాధానం ఇప్పటికీ దొరకలేదు. విమానం రెక్క మీద, రాకెట్టు నాజిల్‌లో, రుతుపవన మేఘంలో శాస్త్రజ్ఞులకు ఎదురయ్యే చిక్కు కూడా ఇదే. ఆరు దశాబ్దాలపాటు ఈ ప్రశ్న వెంట నడిచిన మన శాస్త్రవేత్త రొద్దం నరసింహ.

నరసింహ 1933 జూలై 20న బెంగుళూరులో జన్మించారు. ఇంటిపేరుగా నిలిచిన రొద్దం, అనంతపురం ప్రాంతంలోని ఊరు. వారి పూర్వీకులది అక్కడే. తండ్రి ఆర్.ఎల్. నరసింహయ్య సెంట్రల్ కాలేజీలో భౌతికశాస్త్ర అధ్యాపకులు, కన్నడంలో జనరంజకంగా సైన్సు రాసినవారు. నరసింహ 1953లో మెకానికల్ ఇంజనీరింగులో పట్టా పొంది, బెంగుళూరులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. అక్కడ ఆయనకు గురువు సతీశ్ ధావన్. ఇప్పుడు శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఉన్న పేరు ఆయనదే.

సాఫీ నుంచి సంక్షోభానికి

ప్రవహించే గాలిలోగాని, నీటిలోగాని రెండు ధోరణులు పోటీ పడుతుంటాయి. జడత్వం చిన్న కదలికను పెద్దది చేయబోతుంది. స్నిగ్ధత పొరల మధ్య ఘర్షణలా పనిచేసి, ఆ కదలికను అణచబోతుంది. ఈ రెండింటి నిష్పత్తినే రేనాల్డ్స్ సంఖ్య అంటాం. 1883లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలోకి రంగునీటి ధారను పంపి దీని ప్రాముఖ్యం చూపించాడు. సంఖ్య చిన్నదైతే ధారారేఖా ప్రవాహం, బాగా పెరిగితే సంక్షోభ ప్రవాహం.

విమానం రెక్కకు ఈ సంఖ్య ఎంతో మీరే లెక్క కట్టండి. వేగం సెకనుకు 75 మీటర్లు, రెక్క వెడల్పు 3 మీటర్లు అనుకోండి. వీటి లబ్ధాన్ని, గాలి స్నిగ్ధతను దాని సాంద్రతతో భాగిస్తే వచ్చే 0.000015తో భాగించాలి. జవాబు కోటిన్నర!

రెక్కను తాకే గాలి దానికి అంటుకుని నిలిచిపోతుంది. దానిపై పలుచని సరిహద్దు పొర ఏర్పడుతుంది. రెక్క ముందు భాగంలో ఆ పొర సాఫీగా ఉండి, వెనక్కు పోయేకొద్దీ సంక్షోభంలో పడుతుంది. అప్పుడు ఘర్షణ కొన్ని రెట్లు పెరుగుతుంది. కాబట్టి మార్పు ఎక్కడ, ఎలా వస్తుందో తెలియకపోతే ఎంత ఇంధనం ఖర్చవుతుందో కూడా సరిగా చెప్పలేం.

ఈ మార్పు ఒకే గీత దగ్గర జరగదు. సాఫీ ప్రవాహం మధ్యలో అక్కడక్కడ సంక్షోభపు మచ్చలు పుడతాయి. అవి కిందికి సాగుతూ, పెరుగుతూ, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఈ మచ్చలు ఎక్కడ పడితే అక్కడ కాక, ఇంచుమించు ఒకే స్థానంలో పుడతాయనుకుంటే కొలతలు చక్కగా సరిపోతాయని యువ నరసింహ 1957లో చూపారు. ఒక చోట ప్రవాహం ఎంత శాతం కాలం సంక్షోభంలో ఉంటుందో చెప్పే సూత్రం దాన్నుంచి వచ్చింది. మరుసటి ఏడాది ధావన్‌తో కలిసి ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ప్రామాణికమైంది.

1961లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హాన్స్ లీప్‌మన్ వద్ద డాక్టరేటు పూర్తి చేసి, 1962లో బెంగుళూరుకు తిరిగి వచ్చారు. తర్వాత శిష్యుడు కె.ఆర్. శ్రీనివాసన్‌తో కలిసి తలకిందుల ప్రశ్న వేసుకున్నారు: సంక్షోభంలో ఉన్న ప్రవాహం మళ్లీ శాంతిస్తుందా? శాంతిస్తుంది! ప్రవాహాన్ని బాగా త్వరణం చెందిస్తే సరిహద్దు పొర తిరిగి సాఫీ అవుతుంది. అది ఎలా జరుగుతుందో వారు వివరించారు.

నాలుగు ప్రాసెసర్ల ఫ్లోసాల్వర్

1984లో నరసింహ బెంగుళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీకి డైరెక్టరయ్యారు. విమానాల రూపకల్పనకు గాలి సొరంగాలతోపాటు కంప్యూటర్లూ తప్పనిసరి అవుతున్న కాలమది. కంప్యూటరు ప్రవాహాన్ని ఎలా లెక్క కడుతుంది? రెక్క చుట్టూ ఉన్న స్థలాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కో గడిలో వేగం, పీడనం క్షణక్షణం కనుక్కుంటుంది. గడి పొడవు, వెడల్పు, ఎత్తులను సగం చేస్తే గడుల సంఖ్య 8 రెట్లవుతుంది. కాలపు అడుగును కూడా సగం చేయాలి కాబట్టి పని 16 రెట్లు పెరుగుతుంది.

అంత పనికి సూపర్ కంప్యూటరు కావాలి. 1980లలో దాన్ని కొనడానికి డబ్బు ఒక్కటే చాలేది కాదు, అమ్మే దేశపు ప్రభుత్వ అనుమతి కూడా కావలసి వచ్చేది. ఆ దశాబ్దం చివర అమెరికా నుంచి మనకు వచ్చిన క్రే యంత్రం కూడా వాతావరణ అంచనాల కోసమన్న షరతు మీదే వచ్చింది.

మరి విమానాల మాట? ప్రవాహ సమీకరణాల్లోనే ఒక దారి ఉంది. ఒక గడిలో రాబోయే మార్పు ప్రధానంగా పొరుగు గడుల మీద ఆధారపడుతుంది. కనుక స్థలాన్ని నాలుగు ముక్కలు చేసి నలుగురికి పంచవచ్చు. ఎవరి ముక్క వారు లెక్క చేసుకుని, అంచుల్లోని సంఖ్యలను మాత్రం పక్కవారికి చెబితే చాలు. సమాంతర గణన అంటే ఇదే. యు.ఎన్. సిన్హా నాయకత్వంలో లేబొరేటరీ బృందం 1986లో నాలుగు ప్రాసెసర్లతో నిర్మించిన ఫ్లోసాల్వర్ మన దేశపు తొలి సమాంతర కంప్యూటర్. నాలుగు ప్రాసెసర్లున్నంత మాత్రాన వేగం నాలుగు రెట్లు కాదు. అంచుల సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి కూడా సమయం పడుతుంది. ఆ వృథాను తగ్గించడమే అసలు నేర్పు. తర్వాత హైదరాబాదులో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన అనురాగ్ ప్రయోగశాల నిర్మించిన పేస్, 1991లో పూణేలో వచ్చిన పరమ్ ఈ బాటలోనివే.

తొట్టెలో మేఘం

గాలికి విమానమని, వర్షమని భేదం లేదు. అందుకే నరసింహ 1982లోనే ఇన్‌స్టిట్యూట్‌లో వాతావరణ శాస్త్ర కేంద్రాన్ని ప్రారంభించారు. 1990లో జరిగిన మాంట్‌బ్లెక్స్ ప్రయోగంలో జోధ్‌పూర్, ఢిల్లీ, వారణాసి, ఖరగ్‌పూర్‌లలో 30 మీటర్ల స్తంభాలు నిలిపి, రుతుపవన ద్రోణి కింద నేలకు దగ్గరగా గాలి తీరును కొలిచారు.

మేఘంలో ఆవిరి నీరైనప్పుడు గుప్తోష్ణం విడుదలై గాలిని వేడెక్కిస్తుంది. దీన్ని ప్రయోగశాలలో అనుకరించడం ఎలా? జి.ఎస్. భట్‌తో కలిసి నరసింహ నీటి తొట్టెలోకి విద్యుద్వాహకత ఉన్న నీటి ధారను పంపి, దానిలో విద్యుత్తు ప్రవహింపజేశారు. ధార లోపలి నుంచే వేడెక్కింది. చుట్టూ ఉన్న నీటిని కలుపుకునే తీరు మారిపోయింది. అంటే మేఘాన్ని మామూలు పొగధారలా భావించి వేసిన లెక్క సరికాదన్నమాట.

1992లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 2013లో పద్మవిభూషణ్ ఆయనకు లభించాయి. 2020 డిసెంబరు 14న కన్నుమూశారు.

ఈనాటి కంప్యూటర్లు ఫ్లోసాల్వర్ కంటే ఎన్నో లక్షల రెట్లు వేగవంతమైనవి. అయినా ఎగిరే విమానం మీది ప్రతి సుడినీ అవి లెక్క కట్టలేవు. ప్రవాహ సమీకరణాలకు అన్ని వేళలా సాఫీ పరిష్కారం ఉంటుందో లేదో తేల్చినవారికి క్లే సంస్థ 2000లో ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమతి ఇంకా ఎవరికీ దక్కలేదు. యంత్రం అంకెలిస్తుంది, ఏ ప్రశ్న వేయాలో మనిషే ఆలోచించాలి. నరసింహ జీవితం నేర్పేది అదే. మీలో గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్లలో ఏది చదవాలా అని తటపటాయించేవారుంటే ఒక మాట: ఈ ప్రశ్నకు ఆ మూడూ కావాలి.