విట్రిఫైడ్ టైల్స్ ఎందుకు లేచిపోతాయి?

హొసూరు, బళ్లారి, బరంపురం, యానాం... ఊరేదైనా మన పాత ఇళ్ల గచ్చు మీదికి విట్రిఫైడ్ టైల్స్ వస్తున్నాయి. ఖర్చుపెట్టి వేయించాక కొన్నేళ్లకే హాల్లో టైల్స్ లేచాయని బాధపడేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు లోపం పరిచిన పద్ధతిలోనే ఉంటుంది.

ఈ టైల్ 0.5 శాతానికి మించి నీరు పీల్చదు. అందుకే గట్టిగా ఉంటుంది, మరక పట్టదు. అందువల్లే వట్టి సిమెంటు పాలు దీన్ని గట్టిగా పట్టుకోలేవు. టైల్ అడెసివ్ వాడమని మేస్త్రీకి ముందే చెప్పాలి. సంచి మీద ఐఎస్ 15477 ఉందేమో చూసుకుందాం. అడెసివ్‌ను టైల్ అడుగంతా పట్టేలా పరచాలి. మూలల్లో ముద్దలు పెట్టి వేస్తే మధ్యలో డొల్ల మిగిలి, బరువు పడినప్పుడు పగులుతుంది.

టైల్స్ మధ్య స్పేసర్లతో 2-3 మిల్లీమీటర్ల సందు, గోడ వెంట కొంచెం ఎక్కువ ఖాళీ వదలాలి. స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది. సందు లేకపోతే ఎండలకు వ్యాకోచించిన టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని లేస్తాయి.

ఇక ఎంపిక. జనం తిరిగే దుకాణానికి డబుల్ చార్జ్ రకం మేలు. పైన రంగు పొరే 3-4 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అరుగుదల కనిపించదు. ఇంటి గదులకు గ్లేజ్డ్ రకం చాలు. స్నానాలగదికి, వసారాకు గరుకువి తీసుకుందాం. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటే ఉండాలి. పదో వంతు అదనంగా కొని, మిగిలినవి దాచుకుందాం.

చివరి విడత డబ్బు ఇచ్చేముందు ప్రతి టైల్‌నూ నాణెంతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అప్పుడే మార్పించండి.