శిక్షణ గ్రాంటు లెక్క ఊళ్లో చదివి వినిపించాలి

"పొలానికి పోతే సాయంత్రానికి కూలి చేతికొస్తది. ట్రైనింగుకి పోతే ఏం చేతికొస్తది నాయనా?"

2017 వేసవిలో పల్నాడులోని ఒక దళితవాడలో సంఘం సమావేశం జరిగినప్పుడు ఒక తల్లి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. ఆమె కూతురు పదో తరగతి పాసై, తల్లి వెంట మిరపకాయల కోతకు పోతోంది. పట్నంలో మూడు నెలల శిక్షణ ఉందని, తిండీ బసా ఉచితమని, తర్వాత ఉద్యోగం ఇప్పిస్తారని కరపత్రం పంచారు. పంపాలా వద్దా అని తల్లి సందేహం. "పంపమ్మా, పిల్ల బాగుపడుతుంది" అని చెప్పింది మేమే. అందుకే ఆ తర్వాత జరిగింది కూడా మేమే చెప్పాలి.

పిల్ల శిక్షణకు పోయింది. యూనిఫారం ఇచ్చారు. కంప్యూటరు మీద బిల్లు కొట్టడం, వచ్చిన వారితో మర్యాదగా మాట్లాడటం నేర్పారు. తర్వాత హైదరాబాదులో ఒక బట్టల దుకాణంలో పెట్టించారు. జీతం ఎనిమిదిన్నర వేలు. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడాలి. గది అద్దె, మెస్సు, బస్సు చార్జీలు పోగా ఇంటికి మొదటి నెల పదిహేను వందలు పంపింది, రెండో నెల వెయ్యి. ఆ పైన ఏమీ లేదు. ఐదు నెలలు చేసి తిరిగొచ్చింది. మళ్లీ మిరప సాలులో తల్లి పక్కనే నిలబడింది.

కానీ సర్కారు రికార్డులో ఆ పిల్ల ఉద్యోగస్తురాలు! ఎందుకంటే, ఉద్యోగం వచ్చినట్టు లెక్క రాసుకోవడానికి మూడు నెలల పని చాలు. నాలుగో నెలలో ఏమైందో ఆ కాగితంలో గడి లేదు. కూలివాడికి ఏడాదికి పన్నెండు నెలలు ఆకలి వేస్తుంది. పథకానికి మాత్రం ఏడాది అంటే మూడు నెలలే.

డబ్బు ఏ దారిన పోతుంది?

దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అనే ఈ పథకం 2014 సెప్టెంబరు 25న మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ పేద యువత కోసం అన్నారు. నిధుల్లో సగం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలన్నారు. మూడో వంతు స్త్రీలు ఉండాలన్నారు. శిక్షణ పొందిన వారిలో కనీసం నూటికి 70 మందికి ఉద్యోగం చూపించాలన్నారు. ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లుగా పెట్టుకోవాలి. కాగితం మీద ఇందులో మనం కాదనేది ఏమీ లేదు.

అయితే ఆ గ్రాంటు శిక్షణ పొందేవాడి చేతికి రాదు. శిక్షణ ఇచ్చే సంస్థకు తలకింత చొప్పున పోతుంది. మొదట పెట్టుకున్న నిబంధనల ప్రకారం నాలుగు దఫాలు: 25, 50, 15, 10 శాతం. అంటే నూరు రూపాయల్లో డెబ్బై ఐదు మొదటి రెండు దఫాల్లోనే ముడతాయి. తలలు లెక్కపెట్టి డబ్బిచ్చే చోట తలలు పోగు చేసేవాళ్లు పుడతారు. ఊరూరా తిరిగి, ఆధార్ కాగితాలు తీసుకుని, తలకింత అని కమిషను పుచ్చుకునే మనుషులను మేము కళ్లారా చూశాం. పిల్ల ఏం నేర్చింది, ఎక్కడ తేలింది అన్నది వాళ్లకు పట్టదు.

వెయ్యి రూపాయల సంగతి

మా బడి చదువు ఐదో తరగతితోనే ఆగింది. కాగితాలు చదవడం సంఘంలోనే నేర్చుకున్నాం. పిల్ల తిరిగొచ్చాక ఆ పథకం నిబంధనలు తెప్పించి, చదువుకున్న కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం వాక్యం చదివించుకున్నాం. అందులో ఒక మాట దొరికింది. ఉద్యోగంలో చేరినవాళ్లకు కుదురుకునే దాకా నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వాలి. సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రంలో అయితే మూడు నెలలు, రాష్ట్రం బయట అయితే ఆరు నెలలు.

ఆ పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మేము పోయి అడిగితే ఆ శిక్షణ కేంద్రంవాళ్లు "రెండు నెలలకే ఇస్తాం" అన్నారు. "2014 జూన్ నుంచి హైదరాబాదు వేరే రాష్ట్రంలో ఉందయ్యా, రూల్సు మీవే గదా" అని కాగితం ముందు పెట్టాం. మొదటిసారి ముగ్గురం పోయాం, పని కాలేదు. రెండోసారి వాడలో ఇరవై మంది ఆడవాళ్లు వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. పని చేసిన ఐదు నెలలకు ఐదు వేలు వచ్చాయి. ఆ పిల్లతోపాటు పోయిన వాళ్లలో ఇంకెంతమందికి ఆ డబ్బు ముట్టలేదో, అది ఏ ఖాతాలో నిలిచిపోయిందో ఎవరు చెప్పాలి?

జబ్బు పాతదే

1979 ఆగస్టు 15న ట్రైసెం అనే పథకం వచ్చింది. 18 నుంచి 35 ఏళ్ల పేదలకు శిక్షణ, స్టైపెండు, పనిముట్ల పెట్టె ఇచ్చారు. పల్లెల్లో కుట్టుమిషన్లు కనబడ్డాయి. ఒకే వాడలో పది మిషన్లు పెడితే కుట్టించుకునే జాకెట్లు ఎన్ని? కొన్నాళ్లకు మిషన్లు తాకట్టుకు పోయాయని మా పెద్దలు చెప్పేవారు. 1999 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని మరో పథకంలో కలిపేశారు. పేర్లు మారుతూ వచ్చాయి. ఊళ్లో ఏ పనికి గిరాకీ ఉందో ఊరిని అడగకుండా ఇచ్చే పద్ధతి మాత్రం మారలేదు.

2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద కాగ్ తనిఖీ నివేదికను 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుంచారు. పరిశీలించిన రికార్డుల్లో 90 లక్షలకు పైగా పేర్లకు ఎదురుగా బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీయో ఉన్నాయని అందులో తేలింది. ఖాతా నంబరు లేని మనిషికి ఇచ్చామన్న డబ్బు ఎలా ఇచ్చినట్టు? ఉపాధి పనిలో ఒక్క వేలిముద్ర పడకపోతే మన కూలి ఆపేస్తారు. ఇక్కడ ఖాతా గడి ఖాళీగా ఉన్నా ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదు!

మనం ఏం అడగాలి?

శిక్షణ వద్దని మేము అనడం లేదు. పని నేర్చి కరెంటు మేస్త్రీలైన, మోటారు వైండింగు షాపు పెట్టుకున్న మన పిల్లలు ఉన్నారు. వరి కోత యంత్రం వచ్చి మన చేతి పని తీసుకుంది. ఆ యంత్రంతోపాటు డ్రైవరు కూడా పరాయి రాష్ట్రం నుంచే వస్తున్నాడు. ఆ బండి నడపడం, బాగుచేయడం కొడవలి పట్టిన చేతులకు నేర్పితే కాదనేదెవరు?

ఒకటి. శిక్షణ కాలంలో పోయిన కూలి ఇవ్వాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2019-20లో ఉపాధి హామీ కూలీల కోసం మొదలుపెట్టిన ఉన్నతి పథకంలో, నూరు రోజుల పని పూర్తిచేసిన కుటుంబంలో ఒకరికి కూలి రేటుకు సమానంగా, నూరు రోజుల వరకు స్టైపెండు ఇస్తామని సర్కారే రాసుకుంది. న్యాయమని ఒకచోట ఒప్పుకున్నది అన్ని చోట్లా న్యాయమే.

రెండు. ఉద్యోగం లెక్క మూడు నెలలకు కాక, ఏడాదికి చూడాలి.

మూడు. ఇదే అసలుది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగింది. మస్టరులో ఎవరి పేరు ఉంది, ఎవరికి ఎంత ముట్టింది అని జనం మధ్య చదివి వినిపించారు. చచ్చినవాళ్ల పేర్లు బయటపడింది అక్కడే. శిక్షణ గ్రాంటుకు కూడా అదే జరగాలి. మన ఊరి నుంచి ఎవరు పోయారు, తలకు ఎంత గ్రాంటు తీసుకున్నారు, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అన్న మూడు ముక్కలూ గ్రామసభలో చదవాలి.

ఆ రోజు వచ్చేదాకా ఊరుకోనక్కరలేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఈ మూడు ప్రశ్నలూ ఒక తెల్లకాగితం మీద రాసి అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. ప్రతి వాడలో శిక్షణకు పోయివచ్చిన పిల్లల పేర్లు సంఘం పుస్తకంలో రాయండి. వాళ్ల జాబితా, మన జాబితా పక్కపక్కన పెడితే నిజం దానంతటదే తేలుతుంది.

ఆ తల్లి మొన్న మళ్లీ కనిపించింది. రెండో పిల్ల ఇంటరు అయిందట. "ఈసారి పంపుతా గానీ, ముందు ఆ కాగితం మీరు చదివి చెప్పండి" అంది. చదివి చెప్పడమే ఇప్పుడు మన పని.