షోలాపూర్ వీధుల్లో మార్కండేయుడి రథం

శ్రావణ పౌర్ణమి నాడు మహారాష్ట్రలోని షోలాపూర్ వీధుల్లో తెలుగు గట్టిగా వినిపిస్తుంది. పద్మశాలీలు తమ మూలపురుషుడిగా కొలిచే మార్కండేయ మహర్షి రథం ఆ రోజే ఊరేగుతుంది. పొద్దున కొత్త జంధ్యాలు వేసుకుని, చెల్లెళ్లతో రాఖీలు కట్టించుకున్న మగవాళ్లు రథం వెంట నడుస్తారు.

వీళ్ల పెద్దలు నల్లగొండ, పాలమూరు, కరీంనగర్ పల్లెల నుంచి మగ్గం పని నమ్ముకుని వెళ్లినవాళ్లు. ఇక్కడ కరువులు తరిమితే అక్కడ నూలు పిలిచింది. 1877లో షోలాపూర్‌లో తొలి బట్టల మిల్లు మొదలయ్యాక వలస ఇంకా పెరిగింది. దేశమంతా కప్పుకునే షోలాపూర్ దుప్పట్లలో ఈ చేతుల పనితనం ఎంతో ఉంది.

దసరా ముందు ఆడవాళ్లు తంగేడు పూలతో బతుకమ్మ పేరుస్తారు. పాటలన్నీ తెలుగే.

చదువు మాత్రం చాలా ఇళ్లలో మరాఠీలోకి మారింది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది తెలుగు అక్షరం చదవలేరు. పండుగ మాటను నిలబెట్టింది, రాత మాత్రం చేజారుతోంది. రథోత్సవానికి పెట్టే శ్రద్ధలో కొంత వాడవాడలా అక్షరాలు నేర్పడానికీ పెట్టాలి. తెలంగాణ నుంచి కథల పుస్తకాలు పంపినా ఆ పిల్లలకు ఆసరాగా ఉంటుంది.